మానేసినవారి భయమే వీరి పెట్టుబడి



మన ఊళ్ళలో ఏ బస్టాండు మరుగుదొడ్డిలోకి వెళ్ళినా, ఏ రైలుపెట్టె తలుపు పక్కన చూసినా ఒక చిన్న కాగితం అంటించి కనబడుతుంది. యౌవనంలో చేసిన తప్పుల వలన నరాలు బలహీనపడ్డాయా, శక్తి క్షీణించిందా అని అది మనల్ని అడుగుతుంది. నెలలో ఫలానా తేదీన, ఫలానా లాడ్జి గదిలో డాక్టరు గారు ఉంటారని చెబుతుంది. నేను ప్రభుత్వ వైద్యుడిగా ఉద్యోగంలో చేరిన నాడు ఆ కాగితం ఉంది. పదవీ విరమణ చేసిన నాడూ ఉంది. ఇప్పుడు అది ఫోన్ తెర మీదికి కూడా ఎక్కింది. లాడ్జి గదికి బదులు వాట్సాప్ నంబరు వచ్చింది. అమ్మే సరుకు మాత్రం నాటికీ నేటికీ ఒక్కటే: భయం.

ఆ సరుకుకు నేడు ఒక కొత్త కొనుగోలుదారు దొరికాడు. అశ్లీల చిత్రాలు చూడటానికి ఏళ్ళ తరబడి అలవాటుపడి, చదువో ఉద్యోగమో సంసారమో దెబ్బతింటున్నదని గ్రహించి, ఎవరూ చెప్పకుండానే మానుకోవడానికి పూనుకున్న యువకుడు అతడు. మానిన కొద్ది రోజులకు అతనికి నిద్ర పట్టదు. అకారణంగా కోపం వస్తుంది. పుస్తకం తెరిస్తే అక్షరం మనసుకెక్కదు. మరికొన్నాళ్ళకు, అసలు కోరికే చచ్చిపోయిందేమోనని అనుమానం పుడుతుంది. ఎవరిని అడగాలో తెలియక అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతాడు. అక్కడ వైద్యునికంటె ముందే వ్యాపారి కాచుకుని ఉంటాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క మాట. మానిన తొలి వారాలలో కలిగే బాధ శరీరం పాడైపోయిందనడానికి గుర్తు కాదు. పాత అలవాటు వదులుతున్నప్పుడు మెదడు పడే పెనుగులాట అది. కొంతకాలానికి తగ్గుతుంది. దానిని రోగమని చెప్పి మందులమ్మేవారు, పాపఫలమని చెప్పి సిగ్గుపెట్టేవారు, పెళ్ళి చేస్తే పోతుందని సలహా చెప్పేవారు ఆ యువకుణ్ణి తిరిగి ఆ తెర వైపే నెడుతున్నారు. మంచి ఉద్దేశంతో నెట్టినా, డబ్బు కోసం నెట్టినా ఫలితం ఒక్కటే.

మానినప్పుడు లోపల జరిగేది

మద్యపానం ఏళ్ళ తరబడి చేసినవాడు హఠాత్తుగా మానితే చేతులు వణుకుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి భ్రమిస్తుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే అటువంటివారిని ఆసుపత్రిలో చేర్చుకుని మందులిచ్చి మాన్పిస్తాము. అశ్లీల చిత్రాలు మానిన వ్యక్తికి ఇటువంటి శారీరక ప్రమాదం లేదు. బయటినుండి ఏ రసాయనమూ ఒంట్లోకి పోలేదు గనుక దాని కొరతతో శరీరం కుప్పకూలదు. అంతమాత్రాన అతని బాధ అబద్ధమని కూడా అనరాదు.

మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంది. అది ఆనందాన్ని ఇస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరు. ఊల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాలు దీనిని చక్కగా చూపాయి. కోతికి మొదట పళ్ళరసం అందినప్పుడు డోపమిన్ కణాలు స్పందించాయి. రసానికి ముందు ఒక సంకేతం వస్తుందని అది నేర్చుకున్నాక, రసం సంగతి అటుంచి, సంకేతం రాగానే స్పందించడం మొదలుపెట్టాయి. సంకేతం వచ్చి రసం రాకపోతే ఆ కణాల చలనం మామూలు కంటె దిగువకు పడిపోయింది.

ఇప్పుడు మన యువకుని సంగతి ఆలోచించండి. రాత్రి పదకొండు గంటలు, ఇంట్లో అందరూ నిద్రపోయారు, తలుపు గడియ వేసి ఉంది, చేతిలో ఫోన్ ఉంది. ఇవే అతని సంకేతాలు. ఏళ్ళ తరబడి వీటి వెంటనే ఆ దృశ్యాలు వచ్చాయి. ఈ రోజు సంకేతాలన్నీ వచ్చాయి, దృశ్యం రాలేదు. లోపల ఆశాభంగం వంటి వెలితి, చిరాకు, అశాంతి పుట్టడంలో వింత ఏముంది? ఒక వస్తువును ‘కావాలి’ అనుకునే వ్యవస్థ, దానిని ‘ఆస్వాదించే’ వ్యవస్థ మెదడులో వేరువేరని కెంట్ బెరిడ్జ్ వంటి పరిశోధకులు చెప్పారు. చూసినా సంతోషం లేదు, చూడకుండా ఉండనూ లేనని బాధితులు చెప్పే మాటకు అర్థం ఇక్కడ దొరుకుతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. చాలామంది ఆ చిత్రాలను కోరికతో కంటె దిగులును మరచిపోవడానికి చూస్తారు. పరీక్ష తప్పిన బాధ, ఉద్యోగం రాని అవమానం, హాస్టలు గదిలోని ఒంటరితనం, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఇంటికి దూరంగా ఉన్న బెంగ వీటన్నిటికీ అదే మూత. మూత తీస్తే కుండలో ఉన్నది బయటపడుతుంది. మానడం వలన దుఃఖం కొత్తగా పుట్టలేదు. ఉన్న దుఃఖం కంటికి కనబడింది, అంతే.

శాస్త్రం చెబుతున్నది, చెప్పనిది

నిజాయితీగా ఒక విషయం చెప్పాలి. దీనిని మత్తుమందుల వ్యసనంతో సమానంగా పరిగణించాలా అన్న దానిపై నిపుణులలో ఏకాభిప్రాయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన ఐసీడీ 11 రోగ వర్గీకరణలో ‘నిగ్రహించుకోలేని లైంగిక ప్రవర్తన’ను ఒక రుగ్మతగా చేర్చారు. అయితే దానిని వ్యసనాల జాబితాలో ఉంచలేదు. ఆవేశాన్ని అదుపు చేసుకోలేని రుగ్మతల జాబితాలో ఉంచారు. ఆ నిర్వచనంలో ఒక మాట ప్రతి తల్లీ తండ్రీ చదవదగినది: కేవలం నైతికంగా తప్పు చేశానన్న బాధ ఉన్నంత మాత్రాన అది రుగ్మత కాదు. చాలా నెలల పాటు అదుపు తప్పి, ఆరోగ్యం, చదువు, పని, బంధాలు దెబ్బతిన్నప్పుడే దానిని రుగ్మత అనాలి.

మానినప్పటి బాధల విషయంలోనూ అంతే. పోలండ్‌లో జరిపి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తీవ్రంగా అదుపు తప్పినవారు ఆపుకోలేని ఆలోచనలు, చిరాకు, మనసు మారిపోవడం, నిద్ర చెడటం వంటివి ఎక్కువగా చెప్పారు. మరుసటి సంవత్సరం వెలువడిన ఇంకొక అధ్యయనంలో, తరచుగా చూసే విద్యార్థులను 7 రోజులు మానమని కోరితే, మొత్తం మీద చెప్పుకోదగ్గ బాధలేవీ బయటపడలేదు. ఈ రెండింటినీ కలిపి చదివితే నాకు తోచేది ఇది: మానినవారందరూ బాధపడరు. అలవాటు లోతుగా దిగినవారిలో కొందరు పడతారు. పడినవారిది నటన కాదు, పడనివారిది గొప్పతనం కాదు.

ఇంత జాగ్రత్తగా మాట్లాడవలసిన చోట, లాడ్జి గది డాక్టరు ఎంత ధైర్యంగా మాట్లాడుతాడో చూడండి. అతనికి సందేహమే లేదు. చేయి పట్టుకుని నాడి చూసి, మూత్రంలో ధాతువు పోతున్నదని, ఆరు నెలలు ఆగితే సంసారానికి పనికిరావని తేల్చి చెబుతాడు. వైద్యంలో ఎవరికి సందేహమే రాదో వారిని మీరు సందేహించండి.

కోరిక లేని రోజులు

మానినవారిలో కొందరికి రెండు మూడు వారాల తరువాత ఒక విచిత్ర దశ వస్తుంది. అంతకు ముందు నిప్పులా కాల్చిన కోరిక చప్పున చల్లారిపోతుంది. స్తంభన మందగిస్తుంది. దేని మీదా ఆసక్తి ఉండదు. తీవ్రమైన దృశ్యాలకు అలవాటుపడిన మనసు వాటిని తీసివేసిన తరువాత సాధారణ ప్రేరణకు వెంటనే స్పందించకపోవచ్చు. నిద్రలేమి, దిగులు, ‘నాకేమైంది’ అన్న ఆందోళన దానికి తోడవుతాయి. ఆందోళన ఒక్కటి చాలు స్తంభనను చెడగొట్టడానికి. ఎక్కువమందిలో ఈ దశ వారాలలో సర్దుకుంటుంది. ఉదయం నిద్ర లేచేటప్పుడు సహజంగా స్తంభన కలుగుతున్నదంటే రక్తనాళాలు, నరాలు తమ పని చేస్తున్నాయని సాధారణంగా భావించవచ్చు. అది కూడా లేకుండా నెలలు గడిస్తే మధుమేహం, రక్తపోటు, ధూమపానం, హార్మోన్ల లోపం, మానసిక కుంగుబాటు వంటి కారణాలను అర్హతగల వైద్యుడు పరీక్షించాలి.

వ్యాపారి వల వేసేది సరిగ్గా ఈ దశలోనే. నలభై చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యమని తాతల నాటి నమ్మకం ఒకటి ఉంది. దానికి శరీరశాస్త్రంలో ఆధారం లేదు. వీర్యంలో అధిక భాగం శుక్రాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవం. వృషణాలలో శుక్రకణాల తయారీ యౌవనం నుండి నిరంతరం సాగుతూనే ఉంటుంది. అదేమీ బ్యాంకులో వేసిన సొమ్ము కాదు, తీస్తే తరిగిపోవడానికి. నిద్రలో స్ఖలనం జరగడం సహజం. మానినవారికి అది కొంత ఎక్కువగా జరగవచ్చు. అందువలన వెన్నెముక కరగదు, కళ్ళు గుంటలు పడవు, జ్ఞాపకశక్తి నశించదు.

ఈ భయం మన దేశంలో ఎంత పాతదంటే, మానసిక వైద్యులు దానికొక పేరే పెట్టవలసి వచ్చింది. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ దీనిని ‘ధాత్ సిండ్రోమ్’ అన్నారు. వీర్యం పోతున్నదన్న భయంతో నీరసం, గుండెదడ, దిగులు, నిద్రలేమి కలగడం దీని లక్షణం. అక్కడ పోతున్నది శక్తి కాదు, మనశ్శాంతి. ఇప్పుడు లెక్క చూడండి: మానినందుకు కొంత అశాంతి, పైన ఈ భయం వలన మరికొంత అశాంతి. రెండూ కలిసి తట్టుకోలేనంత అయితే ఆ యువకునికి తెలిసిన ఏకైక ఉపశమనం ఏది? మళ్ళీ ఆ తెరే. అంటే మందు అమ్మినవాడు రోగాన్ని కూడా అమ్మాడు.

లైంగిక సామర్థ్యాన్ని పెంచుతుందంటూ ఏ మందునైనా ప్రచారం చేయడాన్ని 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. తొలిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. చట్టం పుట్టి డెబ్బై ఏళ్ళు దాటింది. కాగితం మాత్రం గోడ మీదే ఉంది. నేను ఏ వైద్య విధానాన్నీ తక్కువ చేయడం లేదు. అర్హతగల ఆయుర్వేద వైద్యుడు కూడా రోగిని చూడకుండా పొట్లం పోస్టులో పంపడు. మూలికల పేరుతో అమ్మే ఇటువంటి మందులలో సిల్డెనాఫిల్ వంటి అల్లోపతి మందును రహస్యంగా కలపడం పలు దేశాలలో పట్టుబడింది. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు అది తెలియక మింగితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

రోజులు లెక్కించే భక్తి

రెండవ గుంపు మందులు అమ్మదు. అది రోజులు లెక్కపెడుతుంది. ఇన్ని రోజులు నిగ్రహిస్తే ముఖంలో తేజస్సు వస్తుందని, గొంతు మారుతుందని, లోకం తలవంచుతుందని వీరు వీడియోలలో బోధిస్తారు. నిగ్రహం మంచిదే. ఒక లక్ష్యం పెట్టుకోవడమూ మంచిదే. కాని ఈ బోధలో ఒక ఉరి దాగి ఉంది. నలభయ్యవ రోజున ఒకసారి తప్పితే లెక్క మళ్ళీ సున్నా. ముప్పై తొమ్మిది రోజుల శ్రమ ఏమైంది? నేర్చుకున్నదంతా ఎక్కడికి పోయింది? ‘ఎలాగూ పోయింది కదా’ అని ఆ రాత్రంతా, ఆ వారమంతా చూసేస్తాడు.

వ్యసన చికిత్సలో పేరు గడించిన మనస్తత్వవేత్త ఆలన్ మార్లాట్ ఈ పరిణామాన్ని 1980లలోనే వివరించాడు. ఒకసారి జారడం వేరు, పూర్తిగా పడిపోవడం వేరు. జారినవాణ్ణి పడదోసేది తన మీద తనకు కలిగే ఏవగింపు. మనవాళ్ళు దీనిని ఏనాడో కనిపెట్టారు. మునిగినవాడికి చలేమిటని సామెత. మునిగిపోయానని వాడి చేత అనిపించకపోవడమే చికిత్సలో సగం.

తేజస్సు రాలేదని నిరాశపడేవారికి కూడా ఒక మాట. మానినందుకు మీకు మహిమలు రావు. మీ సాయంకాలాలు మీకు తిరిగి వస్తాయి. అది చాలదా?

పెళ్ళి మందు కాదు

మూడవ సలహా మన ఇళ్ళలోనిది. కొడుకు ఫోన్‌లో ఏదో చూస్తున్నాడని తెలియగానే పెద్దలు గుసగుసలాడుకుంటారు. పెళ్ళి చేస్తే వాడే కుదురుకుంటాడని తీర్మానిస్తారు. పిచ్చి కుదిరితే పెళ్ళి, పెళ్ళి కుదిరితే పిచ్చి అన్నట్లుంది ఈ వ్యవహారం. ఆ కుర్రవాడు మానే ప్రయత్నంలో, కోరిక మందగించిన దశలో ఉన్నప్పుడు పెళ్ళి జరిగితే ఏమవుతుంది? తొలి రాత్రే పరీక్ష, తొలి రాత్రే భయం, ఆ భయంతోనే వైఫల్యం. తెరకు అలవాటుపడిన మనసు ఎదుట ఉన్న మనిషితో మెలగడం నేర్చుకోవడానికి సమయం కావాలి, మాట కావాలి, ఓర్పు కావాలి. అవేవీ ఇవ్వకుండా మరుసటి ఉదయం ఇరువైపుల పెద్దలూ ముఖాలు చూస్తారు.

ఇందులో అందరికంటె అన్యాయమైపోయేది ఆ అమ్మాయి. తనలోనే ఏదో లోపం ఉందని ఆమె కుమిలిపోతుంది. చెప్పుకుంటే పుట్టింటివారు సర్దుకుపొమ్మంటారు. ఒకరి బిడ్డను మన బిడ్డకు మాత్రగా మింగించే హక్కు మనకెవరిచ్చారు? ఇప్పటికే పెళ్ళయినవారి సంగతి వేరు. భార్యతో నిజం చెప్పి, ఆమె కోపాన్నీ దుఃఖాన్నీ విని, ఇద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్ళినవారు బాగుపడే అవకాశం ఎక్కువ. అయితే భర్తకు కాపలా కాయడం ఆమె బాధ్యత కాదు. ఈ అలవాటుతో బాధపడే స్త్రీలు కూడా ఉన్నారని, వారికి నోరు విప్పే వీలు ఇంకా తక్కువని మరువవద్దు.

మగాడన్నాక ఇవన్నీ మామూలేనని నవ్వి కొట్టిపారేసేవారు ఇంకొందరు. చూసే ప్రతివాడూ రోగి కాడన్నది నిజమే. కాని ఒకడు తన జీవితం చేయి జారుతున్నదని చెప్పి సాయం అడిగినప్పుడు నవ్వితే, వాడు రెండవసారి అడగడు. లాడ్జి గదికి దారి చూపేది ఆ నవ్వే.

ఇక చేయవలసినవి

ఇంత విమర్శించిన తరువాత మార్గం చెప్పకపోతే నేనూ ఆ గుంపులో కలిసినట్లే. మాననెంచినవారు ఈ క్రింది విషయాలు పాటించండి.

మొదటిది, కోరిక అల వంటిదని గుర్తుంచుకోండి. అది లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, విరుగుతుంది. చాలామందిలో ఇది అరగంట లోపే జరుగుతుంది. దానితో కుస్తీ పట్టకండి. ‘ఇదిగో వచ్చింది, గుండె వేగం పెరిగింది, చేయి ఫోన్ వైపు పోతున్నది’ అని పక్కవాణ్ణి గమనించినట్లు గమనించండి. మార్లాట్ నేర్పిన ఉపాయమిది. ఆలోచించకూడదని పట్టుబడితే ఆలోచన రెట్టింపవుతుంది. డేనియల్ వెగ్నర్ 1987లో తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కొందరిని కోరి ఈ సంగతి నిరూపించాడు.

రెండవది, సంకేతాలను మార్చండి. పడకగదిలో ఫోన్ ఉండరాదు. ఛార్జరు హాలులో లేదా వంటింట్లో పెట్టండి. అలారం కోసం ఫోన్ కావాలంటారా? చిన్న గడియారం కొనుక్కోండి. స్నానాలగదిలోకి ఫోన్ తీసుకుపోకండి. ఏ గంటకు, ఏ చోట, ఏ మనస్థితిలో జారుతున్నారో ఒక వారం కాగితం మీద వ్రాయండి. మీ శత్రువు రోజూ ఒకే సమయానికి వస్తాడని తెలుస్తుంది.

మూడవది, ఖాళీ అయిన గంటను మరొకదానితో నింపండి. మనసు ఖాళీగా ఉండదు. సాయంత్రం చెమట పట్టేలా నలభై నిమిషాలు నడవండి, లేదా మైదానంలో ఆడండి. నిద్ర వేళ మార్చకండి. తొలి వారాలలో నిద్ర పట్టకపోతే పడకపై దొర్లకుండా లేచి కూర్చుని ఏదైనా చదవండి. నిద్ర కోసం మద్యం ముట్టవద్దు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు కొనవద్దు. ఒక అలవాటు పోగొట్టుకోవడానికి ఇంకొకటి తెచ్చుకున్నట్లవుతుంది.

నాలుగవది, ఒక్కరికి చెప్పండి. స్నేహితుడు, అన్నయ్య, మేనమామ, వైద్యుడు, ఎవరైనా సరే. నవ్వనివారిని, నలుగురిలో చెప్పనివారిని ఎంచుకోండి. రహస్యంగా ఉన్నంతకాలమే ఈ అలవాటుకు బలం.

ఐదవది, జారితే ఏమి చేయాలో ముందే వ్రాసి పెట్టుకోండి. ఫోన్ ఆపి గది బయటికి రావాలి, ముఖం కడుక్కోవాలి, ఆ ఒక్కరికి ఫోన్ చేయాలి, మరునాడు ఉదయం యథాప్రకారం నడకకు వెళ్ళాలి. కొత్త అలవాటు పాదుకోవడానికి ఇరవై ఒక్క రోజులు చాలన్నది ప్రచారం మాత్రమే. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి అది 18 నుండి 254 రోజుల వరకు ఉంది. పొరుగువాని రోజులతో మీ రోజులు పోల్చుకోకండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పట్టుబడిన పిల్లవాణ్ణి బంధువుల ఎదుట నిలబెట్టి తిట్టకండి, కొట్టకండి. ‘కష్టంగా ఉందా, నాన్నా?’ అని ఒక్క మాట అడిగి చూడండి. తిట్టు వాణ్ణి మరింత రహస్యంలోకి తోస్తుంది.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

దిగులు రెండు వారాలు దాటి తగ్గకపోతే, తిండి నిద్ర పూర్తిగా చెడితే, పలుమార్లు ప్రయత్నించినా అదుపు రాకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మరునాటికి వాయిదా వేయకండి, వెంటనే పక్కవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఉన్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ అలవాట్లు అదుపు తప్పినవారికి ప్రత్యేక క్లినిక్ 2014 నుండి నడుస్తున్నది. కాలు కదపలేనివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ. పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.

అక్కడ మీకు చేసే చికిత్సలో ప్రధానమైనది మాటే. ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దుకునే పద్ధతులు నేర్పుతారు. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారికి వాటికి తగిన మందులు ఇస్తారు. ఎవరికి చెబుతారోనన్న బెరుకు వద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగికి గోప్యత హక్కుగా ఇచ్చింది. లాడ్జి గది వాగ్దానం చేసే గోప్యతకు పూచీ ఎవరు? డబ్బు పోగొట్టుకున్నవాడు సిగ్గుతో ఫిర్యాదు చేయడన్న ధీమాయే వారి గోప్యత.

చివరిగా, ఈ వ్యాపారాన్ని ఆపగలవారు చాలామందే ఉన్నారు. పత్రికల యజమానులు ఇటువంటి ప్రకటనలను తిరస్కరించవచ్చు. లాడ్జి యజమానులు గది ఇవ్వకపోవచ్చు. అధికారులు ఉన్న చట్టాన్ని అమలు చేయవచ్చు. ఉపాధ్యాయులు పదవ తరగతిలో పునరుత్పత్తి పాఠాన్ని దాటవేయకుండా చెప్పవచ్చు. వారెవరూ కదలకపోయినా మీరు ఒక పని చేయగలరు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఒక కుర్రవాడు కొద్ది రోజులుగా నిద్ర లేక, చిరాకుగా, ఒంటరిగా తిరుగుతుంటే, ఆ కాగితం మీది నంబరు వాడి కంటబడక ముందే మీరు పలకరించండి. వాడు ఏదైనా చెప్పుకుంటే, అది తగ్గిపోయే బాధేనని, తగ్గేవరకు తోడుంటానని చెప్పండి.